మంచిర్యాల కాగితాలు

“పోయినయంటే పోయినయ్! ఎన్నిసార్లు అడుగుతవ్?”

ఓంప్రకాశ్ అరుపుకి వాకిట్లో బియ్యం చెరుగుతున్న అనసూర్య చేతిలో చాట ఆగిపోయింది. పెళ్లయిన మూడేళ్లలో కొడుకు కోడలి మీద గొంతెత్తడం ఆమె ఎన్నడూ వినలేదు.

నవీన గడప దాటి రాలేదు. వెనక గది గుమ్మంలో, తలుపు చెక్క పట్టుకొని నిలబడింది. ఎనిమిది నెలలుగా ఆమె ఎవరి ముందూ కూర్చోవడం లేదు. కూర్చున్న చోటు తడుస్తుంది.

“మంచిర్యాల దావఖానల పద్దెనిమిది రోజులున్న. గింత మందం ఫైలు ఇచ్చిన్రు. నువ్వే సంచిల పెట్టినవ్. నా కండ్లతోని చూసిన.”

“బస్సుల మర్సిపోయిన.”

“మొన్న అడిగితే వానకు నాని చినిగినయన్నవ్.”

 ఓంప్రకాశ్ దారం దుమ్ము అంటిన చేతుల్ని లుంగీకి తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడిచాడు.

ఇద్దరి మధ్యా ఏం మాట్లాడాలో తెలియక ఆశా కార్యకర్త మమతారాణి వాకిట్లో అలాగే నిలబడి ఉంది. మంచి మాట చెప్దామని పొద్దున్నే వచ్చిందామె. కరీంనగర్ పెద్ద దావఖానాలో సృజన అనే డాక్టరమ్మ గురువారం గురువారం ఇలాంటి ఆడవాళ్లనే చూస్తోందనీ, పాత కాగితాలుంటే పట్టుకొని రేపే రమ్మన్నదనీ చెప్పింది. ఆ మాటకే ఇల్లు ఇలా రేగింది.

“అన్నా, కాగితాలు లేకున్నా చూస్తరు,” అన్నది మమతారాణి నెమ్మదిగా. “ఇది శాపం కాదు, పాపం కాదు. రెండు రోజులు నొప్పులు పడ్డది కద. బిడ్డ తల ఒక్కకాన్నే అదిమి అదిమి మూత్రం సంచికి చిల్లు పడ్డది. గా చిల్లు కుట్టేస్తే కారుడు బందయితది. నేను చూసిన, చొప్పదండి దిక్కు ఒకామె మంచిగయి పొలం పనికి పోతుంది.”

“వద్దు.”

“ఎందుకన్నా?”

“కరీంనగర్ వద్దు. ఏ దావఖానా వద్దు. ఒక్కసారి సచ్చి బతికింది. మల్ల కొయ్యనిస్తనా?”

మాట బాగానే ఉంది. పెళ్లాం మీద ప్రేమ ఉన్నవాడు అనే మాటే. కానీ అతని చూపు నవీన వైపు లేదు, మమతారాణి వైపు లేదు. బజారు వైపున్న తలుపు మీద ఉంది.

పక్క రేకుల షెడ్డులో అంతదాకా దడదడమంటున్న సాంచ ఠక్కున ఆగింది.

సిరిసిల్లలో ఆ వాడ మొత్తం సాంచల చప్పుడు మీదే బతుకుతుంది. ఒక ఇంట్లో మరమగ్గం ఆగిందంటే కరెంటు పోయి ఉండాలి, లేదా మనిషి పోయి ఉండాలి. దశరథం షెడ్డు బయటికొచ్చి కోడలి వైపు చూశాడు. రోజుకు పది మాటలు కూడా మాట్లాడని మనిషి.

“బిడ్డా, నువ్వు పోతవా?”

“పోత మామా.”

“అయితే పో.”

“బాపూ!” ఓంప్రకాశ్ ముఖం పాలిపోయింది. “నీకు తెల్వది బాపు.”

“ఏం తెల్వదురా?”

 ఓంప్రకాశ్ కొక్కేనికి ఉన్న అంగీ లాక్కొని, గుండీలు పెట్టుకోకుండానే బజార్లోకి వెళ్లిపోయాడు.

అనసూర్య చాట పక్కన పెట్టింది. ఒడిలోని నూకలు దులుపుకుంది.

“నేను గూడ వస్త,” అన్నది.

నవీన తలుపు చెక్క వదిలి అత్త వైపు చూసింది. ఎనిమిది నెలల్లో అత్త ఈ సంగతి గురించి ఒక్క మాట అడగలేదు. ఆ ఇంట్లో రోజుకు వందల మీటర్ల గుడ్డ దిగుతుంది, అంతా పాలిస్టర్. చుక్క నీరు పీల్చదు. తన పాత నూలు చీరలు చింపి, మడతలు పెట్టి, వెనక తలుపు దగ్గర పెట్టేది అనసూర్యే. పెట్టినట్టు చెప్పేది కాదు. ఆ మడతల్ని చూసినప్పుడు నవీనకు ఏడుపొచ్చేది.

కానీ మొన్న సోమవారం అత్త తమ్ముడు మల్లన్న పండ్లు పట్టుకొని వచ్చాడు. ముందుగది తలుపు దగ్గరికేసి గంటసేపు మాట్లాడారు. వెనక గదిలో దారం కండెలు చుడుతున్న నవీనకు ఒక్క ముక్కే వినపడింది. “పిల్ల ఇంటర్ పాసయింది, అక్కా.”

ఎవరి పిల్ల? పాసయిన సంగతి ఇక్కడెందుకు చెప్తున్నాడు? నవీన ఎవరినీ అడగలేదు.

*

పొద్దుగూకే వేళకు ఓంప్రకాశ్ తిరిగొచ్చాడు. వెనక గది గడప మీద కూర్చున్నాడు. నవీన ఉతికిన గుడ్డలు తాడు మీంచి తీస్తోంది.

“రేపు పోకు.”

“ఎందుకో చెప్పు. నాకు నచ్చితే ఆగుత.”

అతను నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు.

“చెప్పలేవు కద.”

“ఇన్ని రోజుల్ల నిన్ను ఏమన్న అన్ననా నవీ? వాసనన్ననా? ఏరే పండుకున్ననా?”

“అనలే,” అన్నది నవీన. “అంటే గూడ మంచిగుండు. గప్పుడు నాకు ఏడుస్తందుకు ఒక కారణముండు.”

అతను తలవంచుకున్నాడు. ఆ వంచిన తలను చూస్తుంటే ఆమెకు నిరుటి ఆషాఢం గుర్తొచ్చింది. చెన్నూరు అవతల తల్లి శంకరవ్వ ఇల్లు. బీడీలు చుట్టే తల్లి, మొదటి కాన్పు తన దగ్గరే కావాలని తీసుకుపోయింది. నొప్పులు మొదలైన పూటే వాగు పొంగింది. అంబులెన్స్ అవతలి గడ్డనే ఆగిపోయింది. ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ ఒక పగలు. కబురు తెలిసి అవతలి ఒడ్డుకొచ్చిన ఓంప్రకాశ్ చివరికి ఎవరిదో పెద్ద ట్రాక్టరు తెచ్చి, నడుముల లోతు నీళ్లలో ఆమెను దాటించాడు. శంకరవ్వ ఇవతలే ఉండిపోయింది. ట్రాక్టరు తొట్టిలో అతను ఆమె తల ఒళ్లో పెట్టుకొని, “కండ్లు తెరువు, కండ్లు తెరువు” అంటూ ఉన్నాడు.

మంచిర్యాల దావఖానాలో ఆమె కళ్లు తెరిచింది మూడో రోజు. పొట్ట మీద పొడుగాటి కుట్లు. పక్కన అతనొక్కడే.

“కోసి తీసిన్రు,” అన్నాడు. “పాప. బతకలే.”

ఇంకేం చెప్పలేదు. ఆమె కూడా ఇంకేం అడగలేదు. తర్వాత మూత్రం గొట్టం తీసేశారు. తీసిన పూట నుంచి తడి మొదలైంది.

“నేను పోత,” అన్నది నవీన గుడ్డలు మడత పెడుతూ. “నువ్వొస్తే మంచిది. రాకున్నా పోత.”

ఓంప్రకాశ్ లేచి నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. అంతలో వాకిట్లోంచి అనసూర్య, “పొద్దున ఏడింటి బస్సు,” అన్నది. ఆ గొంతు విని అతను నోట్లో మాట నోట్లోనే మింగి పక్కకు తప్పుకున్నాడు.

*

పల్లెవెలుగు బస్సు నిండా ఆడవాళ్లే. మమతారాణి ముందు డ్రైవరు పక్కన నిలబడింది. కండక్టరు ఆధార్ కార్డులు చూసి జీరో టికెట్లు చింపి ఇస్తున్నాడు. నవీన నాలుగు మడతల నూలుగుడ్డ, దాని మీద ప్లాస్టిక్ కవరు, ఆపైన రెండు లంగాలు కట్టుకుంది. పొద్దుటి నుంచి నీళ్లు తాగలేదు. తాగకపోతే కారదని కాదు. మంట ఎక్కువవుతుంది, వాసన ఎక్కువవుతుంది. అయినా ప్రయాణం అంటే తాగబుద్ధి కాదు.

సగం దూరం కూడా పోలేదు. పక్క సీట్లో సద్దిగిన్నె పట్టుకున్న ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. కిటికీ తెరిచింది. ఇటు చూసింది.

“ఎవలో పోరగాండ్లు ఉచ్చ పోసిన్రేమో,” అన్నది గట్టిగా. “సీట్లు గూడ కడుగరు.”

నవీన కళ్లు మూసుకుంది. బస్సు ఆగితే దిగిపోవాలనిపించింది. దిగి, ఏ చెట్టు చాటునో నిలబడి, ఎవరూ లేని చోటికి నడిచిపోవాలనిపించింది.

“పోరగాండ్లు కాదు,” అన్నది అనసూర్య.

నవీన చప్పున కళ్లు తెరిచింది. ‘చెప్పేస్తుంది. బస్సంతా వినేటట్టు చెప్పేస్తుంది.’

“నా సీసా ఒలికింది. ముసలిదాన్ని, మందు సీసా. ఏం, దిగుతవా? దిగేదుంటే దిగు, లేకుంటే గప్‌చిప్ కూసో.”

ఆమె గొణుక్కుంటూ తల తిప్పుకుంది. అనసూర్య కూడా తల తిప్పుకుంది. కోడలి వైపు చూడలేదు. చేతిలోని చిన్న ఫోన్‌ను మాత్రం వేళ్ల మధ్య తిప్పుతూ ఉంది. దారి పొడుగునా అది రెండుసార్లు మోగింది. రెండుసార్లూ పేరు చూసి ఆపేసింది.

“ఎవలు అత్తమ్మా?”

“మల్లన్న.”

“ఎత్తరాదు?”

“ఎత్తి ఏం చెప్పాలె?” అన్నది అనసూర్య. “ఇంక డాక్టరమ్మ చూడనే లేదు.”

మల్లన్నకూ డాక్టరమ్మకూ ఏమిటి సంబంధం? నవీన మళ్లీ అడగలేదు. బస్సు కరీంనగర్ పొలిమేరలోకి వచ్చేసరికి తడి ఆమె కాళ్ల దాకా దిగింది.

*

డాక్టర్ సృజన ముక్కు మూసుకోలేదు. నవీన మొదట గమనించింది అదే.

గదిలో సన్నని మంచం, ఆకుపచ్చ తెర, ఒక నర్సు. మమతారాణి తలవైపు నిలబడి నవీన చెయ్యి పట్టుకుంది. అనసూర్యను బయట బెంచీ మీద కూర్చోమన్నారు.

“నవీనా, భయపడకు. గొట్టంతోని మూత్రం సంచిలకు నీలి మందు పంపిస్త. లోపల దూది పెడత. దూది నీలంగయితే చిల్లు ఎక్కడున్నదో మనకు తెలుస్తది. నొప్పనిపిస్తే చెప్పు, ఆగుత.”

ఆగుతానన్న డాక్టరును నవీన ఇంతకుముందు చూడలేదు.

కాసేపటికి డాక్టరమ్మ మూడు దూది ఉండల్ని ట్రేలో వరసగా పెట్టింది. పైదీ కిందదీ తెల్లగానే ఉన్నాయి. నడిమిది నీలం. సాయంత్రం ఆకాశంలా కాదు, సిరా ఒలికినట్టు నీలం.

“ఒక్కటే చిల్లు,” అన్నది డాక్టరమ్మ. ఆమె గొంతులో తేలిక వినిపించింది. “చిన్నదే. చుట్టూ చర్మం మంచిగుంది. కుట్టొచ్చు.”

“బందయితదా మేడం?”

“చానామందికి ఒక్క ఆపరేషన్‌కే బందయితది. కొందరికి రెండోది కావాలె. ఇరవై రోజులు గొట్టం పెట్టుకొని ఇక్కడనే ఉండాలె, నీళ్లు మస్తుగ తాగాలె. ఇన్ని రోజులు నీళ్లు తాగకుంట నువ్వు చేసిందంతా తప్పు, తెలుసా?”

నవీన నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. మమతారాణి కూడా కళ్లు తుడుచుకుంది.

“కాన్పయినంక నెలసరి వచ్చిందా?”

“రాలే మేడం. ఒంట్ల రక్తం లేదు, అందుకే వస్తలేదన్నరు.”

“ఏ డాక్టరన్నరు?”

“డాక్టరు కాదు. మా ఆయన.”

డాక్టర్ సృజన రాస్తున్న కలం ఆపింది. నవీన పొట్ట మీది మచ్చను మళ్లీ ఒకసారి చేత్తో తడిమి చూసింది. నర్సు వైపు తిరిగి, స్కానింగు ఇప్పుడే చేయించమన్నది. ఆ “ఇప్పుడే” నవీనకు నచ్చలేదు.

స్కానింగు గదిలో చల్లటి జిగురు. తెర మీద బూడిదరంగు మబ్బులు.  తీసే అమ్మాయి ఒకే చోట మూడుసార్లు పెట్టి చూసింది.

మళ్లీ డాక్టరమ్మ గదికి వచ్చేసరికి ఆమె మమతారాణిని రక్తపరీక్ష కాగితాలతో కిందికి పంపించింది. తలుపు దగ్గరికేసింది. కుర్చీ నవీన దగ్గరికి జరుపుకొని కూర్చుంది.

“మంచిర్యాలల నీకు ఏం ఆపరేషన్ అయిందో ఎవరన్నా చెప్పిన్రా?”

“కోసి పాపను తీసిన్రు.”

“పాపనే కాదమ్మా.” డాక్టరమ్మ గొంతు తగ్గించింది. “రెండు రోజులు నొప్పులు పట్టి, బిడ్డ దిగక నీ గర్భసంచి పగిలినట్టున్నది. అట్ల పగిలితే రక్తం ఆగది. మనిషి బతకాలంటే సంచి తీసెయ్యాలె. వాళ్లు తీసేసిన్రు. నీ పాణం దక్కింది. కాని గర్భసంచి లేదు నవీనా. అందుకే నెలసరి వస్తలేదు. రాదు.”

పైన ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరిదో పేరు పిలుస్తున్నారు.

“చిల్లు కుడితే...” అన్నది నవీన. “కుడితే గప్పుడన్నా...”

“చిల్లు కుడితే నువ్వు పొడిగుంటవు. పని చేసుకుంటవు, నలుగుట్ల కూసుంటవు. కాని కడుపు మాత్రం రాదమ్మా.”

నవీన ట్రేలోని నీలి దూది వంక చూస్తూ ఉండిపోయింది. ఆమెకు ఏడుపు రాలేదు. లోపలెక్కడో ఒక్కొక్కటే వరసగా తలుపులు తెరుచుకుంటున్నాయి. ‘కాగితాలు పోయినయ్. కరీంనగర్ వద్దు. ఏ దావఖానా వద్దు. నీకు తెల్వది బాపు.’

“సంతకం ఎవరు పెడతరు మేడం? అట్ల తీసెయ్యాలంటే?”

“నువ్వు తెలివిల లేవు కద. భర్త ఉంటే భర్తతోనే పెట్టించుకుంటరు.”

*

మెట్ల కింద, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి నవీన ఫోన్ చేసింది. ఒక్క రింగుకే ఎత్తాడు. పొద్దుటి నుంచి ఫోన్ చేతిలోనే పెట్టుకొని ఉన్నట్టున్నాడు. వెనక సాంచ చప్పుడు లేదు.

“నవీ?”

“సంతకం నువ్వే పెట్టినవా?”

అవతల ఊపిరి చప్పుడు.

“చెప్పు. నువ్వే పెట్టినవా?”

“పెట్టిన,” అన్నాడు. “సంచి తియ్యమంటవా, మనిషిని పోగొట్టుకుంటవా అన్నరు. బయట నేనొక్కన్నే ఉన్న. ఇంకెవలను అడగాలె? పెట్టిన.”

“సంతకం పెట్టినందుకు అడుగుతలే. పెట్టకుంటే నేను ఈడ లేకపోదు. ఎనిమిది నెలలు ఎందుకు చెప్పలే?”

“ఎన్నిసార్లో నోటిదాక వచ్చింది...”

“కాగితాలేవి?”

“షెడ్డుల. పోగులు చుట్టే పాత భీము కింద.”

ఆమె గోడకు ఆనుకుంది. కాళ్ల వెంట తడి దిగుతోంది. ఆపాలన్న ధ్యాస కూడా లేదు.

“ఇంకో ముచ్చట అడుగుత. దావఖానోళ్లు నీకు చెప్పిన్రా? గీ కారుడు గురించి? కుట్టొచ్చని?”

అవతల షెడ్డు తలుపు మూసిన చప్పుడు.

“చెప్పిన్రా లేదా?”

“చెప్పిన్రు. మూడు నెలలయినంక రమ్మన్నరు.”

“మూడు నెలలు,” అన్నది నవీన.

“నవీ, విను. జర విను. అవ్వ, మల్లన్న మామ ఇద్దరు నా ఎంటపడ్డరు. ఇంకో పిల్లను చేసుకోమని. నేనేం జేసిన? నవీన మంచిగయితది, మల్ల పిల్లలయితరు, ఆగుండ్రి అన్న. గా ఒక్క మాట మీదనే ఆపుకుంట వచ్చిన. దావఖానకు తీస్కపోతే ఏమయితది? సంచి లేదని తేలుతది. గప్పుడు నా కాడ ఇంకే మాట ఉంటది? నిన్ను పోగొట్టుకోవద్దనే...”

“నన్ను పోగొట్టుకోవద్దని,” అన్నది ఆమె ఒక్కో మాటా ఆపి ఆపి, “నన్ను ఎనిమిది నెలలు ఉచ్చల పండబెట్టినవ్.”

అతను ఏడుస్తున్నాడు. అతని ఏడుపు వింటే ఇంతకుముందు ఆమె కరిగిపోయేది. ఇప్పుడు ఆ ఏడుపు దూరంగా, ఎవరి ఇంట్లోనో అవుతున్నట్టు ఉంది.

“అవ్వకు చెప్పకు. నీ కాళ్లు మొక్కుత. పిల్లలయితరన్నరని చెప్పు. ఒక్క మాట. ఆపరేషన్ కానియ్యి, తర్వాత నేను చూసుకుంట. నేను ఇప్పుడే బయలెల్లుతున్న.”

“వస్తే నిజం చెప్తందుకు రా. లేకుంటే రాకు.”

ఫోన్ పెట్టేసింది.

*

అనసూర్య బెంచీ చివర, కాళ్లు దగ్గరికి ముడుచుకొని కూర్చుంది. పక్కన బట్టల సంచి. కోడలు రావడం చూసి సంచి కిందికి జరిపి చోటిచ్చింది.

“కూసో.”

“నిలబడ్త అత్తమ్మా.”

“కూసో. గుడ్డ పరిచిన.”

నిజంగానే బెంచీ మీద నూలుగుడ్డ నాలుగు మడతలు పరిచి ఉంది. నవీన కూర్చుంది. ఎనిమిది నెలల్లో అత్త పక్కన కూర్చోవడం ఈ రోజే, బస్సులోనూ ఇక్కడా.

“ఏమన్నది?”

“కుట్టొచ్చన్నది. ఇయ్యాలనే చేరుమన్నది. సోమవారం చేస్తరట. ఇరవై రోజులు ఉండాలె. తోడుకు ఒకరుండాలె. మమతక్క పొద్దుగూకంగ పోతది, ఆమెకు డ్యూటీ ఉన్నది.”

“రాజన్నా,” అంటూ అనసూర్య చేతులు జోడించింది. వేములవాడ దేవుడికి ఇక్కడి నుంచే మొక్కింది. “నేనుంట. ముసలోడు వండుకు తింటడు తియ్యి.”

నవీన ఆమె ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో అబద్ధం లేదు. అదే భయంగా ఉంది.

“ఒక్క ముచ్చట,” అన్నది అనసూర్య. గొంతు మారింది. “దాస్తే ఏమొస్తది, నీకూ తెలిసే ఉంటది. మల్లన్న ఒక పిల్లను చూసిండు. వాని పెండ్లాం తరఫు పిల్ల. పెట్టుపోతలు గూడ అడగరట. ఆరు నెలల సంది రోజు ఫోన్ జేస్తుండు. ఓంప్రకాశ్ ఏమన్నడో ఎరుకేనా? ‘నవీన మంచిగయితది, పిల్లలయితరు, గప్పటిదాక నోరెత్తకు’ అన్నడు. కొడుకు మాట మీద నేను ఆగిన. నాకు ఇష్టమయి ఆగిన్నా? నాకూ పాణం కొట్టుకుంటది బిడ్డా. వానికి ఒక్క నలుసన్నా ఉండాలె కద. ఉన్నదే ఒక్క కొడుకు.”

ఆమె నవీన మోకాలి మీద చెయ్యి వేసింది. 

“డాక్టరమ్మ నోట విందమనే వచ్చిన. వాని మాట కాదు, నీ మాట కాదు. నన్ను లోపటికి రానియ్యలే. అందుకే నిన్ను అడుగుతున్న. కుట్టినంక పిల్లలయితరా? అయితరు అను. మల్లన్నకు ఇప్పుడే ఫోన్ జేసి ఇగ ఆ ముచ్చట ఎత్తకు అంట. నీ కాడ ఇరవై రోజులు కాదు, నలభై రోజులుంట.”

ఒక్క మాట.

అవునంటే చాలు. తోడు దొరుకుతుంది. ఆపరేషన్ అవుతుంది. మల్లన్న తెచ్చిన సంబంధానికి తలుపు మూసుకుంటుంది. ఆమె పొడిగా ఇంటికి పోతుంది. ఆ తర్వాత నెల నెలా అత్త ముఖంలోకి చూస్తూ ఏదో ఒకటి చెప్పుకుంటూ పోవాలి. ఒక నెల రక్తం లేదనాలి. ఒక నెల వేడి చేసిందనాలి. ఒక గురువారం ఎక్కడో ఎవరో డాక్టరు దగ్గరికి పోదామంటే వద్దని అరవాలి. బజారు తలుపు వైపు చూడాలి.

నవీన మోకాలి మీది చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“కారు అత్తమ్మా.”

“ఏంది?”

“పిల్లలు కారు. నాకు గర్భసంచి లేదు. మంచిర్యాలల తీసేసిన్రు. పగిలిందట. తియ్యకుంటే సచ్చిపోదునట. నాకు గూడ ఇయ్యాలనే తెలిసింది.”

అనసూర్య చెయ్యి లాక్కోలేదు. కానీ ఆ చేతిలోంచి బలం పోవడం నవీనకు తెలిసింది. వరండాలో ఎవరో బాలింతను నడిపించుకు పోతున్నారు. పసిబిడ్డ గుడ్డలో చుట్టి ఉంది. అనసూర్య చూపు ఆ గుడ్డ వెంట వరండా మలుపు దాకా పోయి, మెల్లగా వెనక్కి వచ్చింది.

“వానికి తెలుసా?”

నవీన కింద పరిచిన గుడ్డ అంచు సరిచేసింది.

“ఓంప్రకాశ్‌కు తెలుసా?”

“సంతకం ఆయనదే.”

 అనసూర్య తిట్టలేదు, ఏడవలేదు. ఆమె తిడితే బాగుండుననిపించింది నవీనకు. ఇంట్లో ఇన్నాళ్లూ అత్త నోటికి భయపడింది. ఇప్పుడు ఆ నోరు మెదపకపోవడం దానికంటే భయంగా ఉంది.

“అంటే,” అన్నది చివరికి, తనలో తను లెక్క సరిచూసుకుంటున్నట్టు, “నా కొడుకు ఎనిమిది నెలలు నన్ను గూడ మోసం జేసిండు.”

చేతిలోని ఫోన్ మోగింది. ఇద్దరూ దాని వైపు చూశారు. మల్లన్న.

మూడోసారి మోగుతుండగా అనసూర్య లేచింది. కొంగు భుజం మీదికి లాక్కుంది. ఈసారి ఆపలేదు. ఎత్తి చెవికి పెట్టుకొని, వరండా చివరి వైపు నడిచింది.

“నవీన తరఫున ఎవరున్నరు?”

వార్డు తలుపు దగ్గర నర్సు, చేతిలో అట్ట, దాని మీద కాగితాలు.

“నేనే నవీనను, సిస్టర్.”

“ఇక్కడ పెట్టు సంతకం.”

నవీన కాగితం మొత్తం చదివింది. ప్రతి గీతా చదివింది. నర్సు తొందరపెట్టినా చదివింది. తర్వాత పేరు రాసింది.

“కింద తోడున్నోళ్లది. ఎవరు పెడతరు? ఆమెనా? మీ అత్తమ్మనా?”

నవీన తల తిప్పింది. వరండా చివర కిటికీ వెలుతురులో అనసూర్య వెనక్కి తిరిగి నిలబడి ఉంది. ఫోన్ చెవికి ఉంది. ఒక చెయ్యి ఊచ పట్టుకొని ఉంది. గాలికి మాట ఒక్కసారి ఇటు కొట్టుకొచ్చింది.

“పిల్ల తరఫోళ్లకు చెప్పు తమ్మీ...”

ఏం చెప్పమన్నదో వినపడలేదు. అప్పుడే స్ట్రెచర్ ఒకటి గడగడమంటూ వాళ్ల మధ్యగా వచ్చింది. దాని వెనక నలుగురైదుగురు, సెలైన్ సీసా ఎత్తి పట్టుకున్న మనిషి, ఏడుస్తున్న తల్లి. నవీన గోడకు జరిగి దారిచ్చింది.

అందరూ దాటిపోయాక చూస్తే వరండా చివర కిటికీ ఉంది, వెలుతురు ఉంది. అనసూర్య లేదు.